సిగ్నల్ పడితేనే ఎర్రకణం బతుకుతుంది

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగు వినిపించడం వింతేమీ కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపుల నుంచి పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. 2003 నుంచి ఈ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం కూడా. ఆ కాలనీలో మా పక్క క్వార్టర్స్‌లో ఉండే అక్క ఒకరు ఈ మధ్య ఒక ప్రశ్న వేశారు. ఆమె మామగారికి కిడ్నీలు పాడై డయాలసిస్ జరుగుతోంది. పదేళ్ల కొడుక్కి సికిల్ సెల్ జబ్బు.

"మామగారికి రక్తం పెరగడానికని సూది వేస్తున్నారు కదా తమ్ముడూ. ఆ సూదే మా పిల్లడికీ వేస్తే మాటిమాటికీ రక్తం ఎక్కించే తిప్పలు తప్పుతాయి కదా? డాక్టరుగారిని అడిగితే, వాడికి అది కాదమ్మా అన్నారు. ఎందుకు కాదు?"

చాలా మంచి ప్రశ్న. ఇద్దరికీ ఉన్నది రక్తహీనతే. మందు ఒకరికి పనిచేసి మరొకరికి ఎందుకు పనిచేయదు? జవాబు తెలియాలంటే ఆ సూదిలో ఉన్నదేమిటో ముందు తెలియాలి. దాని పేరు ఎరిత్రోపొయటిన్. అది ఒక కణానికి మరో కణం పంపే సంకేతం. మనిషి జన్యువును వేరే కణాల్లో పెట్టి తయారుచేసిన రీకాంబినెంట్ ప్రొటీన్. ఆసుపత్రిలో అది మందు. ప్రయోగశాలలో అదే ఒక పనిముట్టు. ఆ పిల్లవాడి జబ్బుకు సంబంధించినంతవరకు ఈ రెండో రూపమే ఎక్కువ ముఖ్యం.

కిడ్నీ పంపే కబురు

ఎర్రరక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. పాతవి పోతుంటే కొత్తవి రావాలి కనుక, మన ఎముక మజ్జ సెకనుకు ఇరవై లక్షలకు పైగా ఎర్రకణాలను తయారుచేస్తుంది. ఎన్ని కావాలో మజ్జకు ఎవరు చెబుతారు? కిడ్నీలు చెబుతాయి. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే కిడ్నీలోని కొన్ని కణాలు దాన్ని పసిగట్టి ఎరిత్రోపొయటిన్‌ను రక్తంలోకి వదులుతాయి. ఆక్సిజన్ తగ్గడాన్ని కణాలు ఎలా గుర్తిస్తాయో కనిపెట్టినందుకే విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెన్జాలకు 2019లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇలాంటి కబురు ఒకటి ఉండి ఉంటుందని 1906లోనే పారిస్‌లో కార్నో, డిఫ్లాండ్ర్ అనే ఇద్దరు ఊహించారు. రక్తం తీసిన కుందేలు సీరాన్ని మామూలు కుందేలుకు ఎక్కిస్తే, దానిలో ఎర్రకణాలు పెరిగాయని వారు ప్రకటించారు. ఆ పదార్థాన్ని శుద్ధంగా చేతిలోకి తీసుకోవడానికి మాత్రం ఇంకో 70 ఏళ్లు పట్టింది. కారణం దాని పరిమాణం. పెద్దవారి రక్తం మొత్తాన్ని వెతికినా ఎరిత్రోపొయటిన్ మామూలుగా గ్రాములో పది లక్షలవ వంతు కూడా ఉండదు.

షికాగోలో యూజీన్ గోల్డ్‌వాసర్ 1950ల మధ్యలో ఈ వెతుకులాట మొదలుపెట్టారు. చివరికి దారి చూపింది జపాన్‌కు చెందిన తకాజీ మియాకే. ఎముక మజ్జ పనిచేయడం మానేసిన రోగుల నుంచి ఆయన 2,550 లీటర్ల మూత్రం సేకరించి, ఎండబెట్టి, దాన్ని షికాగోకు తీసుకువెళ్లారు. అటువంటి రోగుల మూత్రమే ఎందుకు? మజ్జ బదులు పలకకపోతే కిడ్నీలు మరింత గట్టిగా పిలుస్తాయి. వారి ఒంట్లో ఎరిత్రోపొయటిన్ విపరీతంగా పెరిగి మూత్రంలోకి కూడా వస్తుంది. అంత మూత్రం నుంచి 1977లో దక్కిన శుద్ధ ప్రొటీన్ సుమారు 8 మిల్లీగ్రాములు. ఒక బియ్యపు గింజ బరువు అంతకంటే ఎక్కువ.

కిడ్నీల పిలుపు ఎంత గట్టిగా ఉన్నా మజ్జ సరైన కణాలను ఇవ్వలేని పరిస్థితి ఒకటి ఉంటుందన్న విషయం గుర్తుంచుకోండి. పిల్లవాడి దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ అవసరపడుతుంది.

ఎరుపే మామూలు స్థితి

ఎరిత్రోపొయటిన్ మజ్జకు వెళ్లి ఏం చేస్తుంది? 'ఎర్రకణాలు తయారుచెయ్' అని ఆజ్ఞ ఇస్తుందని చాలామంది అనుకుంటారు. నేను చదువుకున్నది భౌతికశాస్త్రం. నేనూ మొదట అలాగే అనుకున్నాను. నిజంగా జరిగేది వేరు. దాన్ని రైల్వే ఊళ్లో ఉన్నవారికి చెప్పడం సులువు.

రైల్వే సిగ్నళ్లకు ఒక మూలసూత్రం ఉంది. ఏ లోపం వచ్చినా అది బండిని ఆపే వైపుకే దారితీయాలి. పాత రెక్క సిగ్నల్‌కు తీగ తెగితే రెక్క తనంతట తాను 'ఆగు' స్థితికి వస్తుంది. రంగుల దీపం సిగ్నల్‌లో దీపమే వెలగకపోతే, డ్రైవరు దాన్ని ఎరుపుగానే లెక్కించి బండి ఆపాలి. అంటే ఎరుపే మామూలు స్థితి. బండి కదలాలంటే ఆకుపచ్చ ప్రత్యేకంగా పడాలి.

ఎర్రకణంగా మారబోయే లేతకణాలదీ ఇదే పద్ధతి. ఒక దశకు వచ్చాక వాటి మామూలు స్థితి చావు. తమను తాము విడగొట్టుకుని చనిపోయే ఏర్పాటు వాటి లోపలే ఉంటుంది. 1990లో అమెరికాకు చెందిన మార్క్ కౌరీ, మారిస్ బాండ్యురాంట్ ఈ సంగతి చూపించారు. ఎరిత్రోపొయటిన్ లేకపోతే ఈ కణాల్లో డీఎన్‌ఏ ముక్కలైపోతుంది, అవి చనిపోతాయి. అది ఉంటే ఆ చావు ఆగుతుంది, కణాలు ఎదిగి ఎర్రకణాలవుతాయి. అంటే మజ్జ అవసరానికి మించి లేతకణాలను ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతుంది. వాటిలో ఎన్ని బతకాలో సంకేతం నిర్ణయిస్తుంది. రక్తం పోయినప్పుడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే పని లేకుండా ఉత్పత్తిని పెంచడానికి ఇది మంచి పద్ధతి.

సంకేతం లోపలికి వెళ్లే తీరు కూడా ముచ్చటగా ఉంటుంది. ఎరిత్రోపొయటిన్ కణం లోపలికి పోదు. కణం పైపొరలో దానికోసం గ్రాహకాలు ఉంటాయి. ఒక ఎరిత్రోపొయటిన్ అణువు రెండు గ్రాహకాలను రెండు చేతులతో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. దాంతో వాటి లోపలి కొసల దగ్గర ఉన్న జాక్-2 అనే ఎంజైములు రెండూ ఒకదానినొకటి మేల్కొల్పుతాయి. అవి స్టాట్-5 అనే మరో ప్రొటీన్‌ను కదిలిస్తాయి. అది కణకేంద్రకంలోకి వెళ్లి, చావును ఆపే జన్యువులను పనిలోకి దింపుతుంది. సిగ్నల్ బండిని లాగదు, సరుకు మోయదు. ఎరిత్రోపొయటిన్ కూడా అంతే. అందులో ఇనుము లేదు, అది ఆక్సిజన్ మోయదు. 'వెళ్లవచ్చు' అని మాత్రమే చెబుతుంది.

సిగ్నల్ ఆకుపచ్చలోనే ఇరుక్కుపోతే? అలాంటి జబ్బూ ఉంది. జాక్-2 జన్యువులో ఒక మార్పు వల్ల సంకేతం రాకపోయినా వచ్చినట్టే కణాలు పెరుగుతూ పోతాయని 2005లో తేలింది. రక్తం చిక్కబడి గడ్డలు కట్టే పాలిసైథీమియా వెరా అనే జబ్బు చాలావరకు దీనివల్లే వస్తుంది. ఎక్కువ ఎర్రకణాల కోసం దొంగచాటుగా ఎరిత్రోపొయటిన్ ఎక్కించుకునే క్రీడాకారులకూ ఇదే ప్రమాదం.

మూత్రం నుంచి కణాల తొట్టెకు

ఎనిమిది మిల్లీగ్రాములతో వైద్యం జరగదు. కానీ ఆ కొద్దిపాటి శుద్ధ ప్రొటీన్ వల్ల దానిలోని అమైనో ఆమ్లాల వరుసలో కొంత తెలిసింది. ఆ వరుసను ఆధారం చేసుకుని ఆమ్జెన్ కంపెనీలో ఫూ-కుయెన్ లిన్ బృందం 1983లో మనిషి డీఎన్‌ఏలో ఎరిత్రోపొయటిన్ జన్యువును పట్టుకుంది. జన్యువంటే వంట రాసిన కాగితం లాంటిది. ఆ కాగితాన్ని వేరే వంటింట్లో ఇస్తే అక్కడా ఆ వంట చేయొచ్చు. ఒక జీవి జన్యువును మరో జీవి కణంలో కలిపి ప్రొటీన్ తయారుచేయించడమే రీకాంబినెంట్ పద్ధతి.

ఏ వంటిల్లు అన్నది ఇక్కడ చాలా ముఖ్యం. ఇన్సులిన్‌ను ఈ-కోలై బ్యాక్టీరియాలో చేయవచ్చు. 1997లో హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను ఈస్ట్ కణాల్లో తయారుచేసింది. మన దేశంలో రీకాంబినెంట్ పద్ధతిలో తయారై బజారుకు వచ్చిన మొదటి ఉత్పత్తి అదే. ఎరిత్రోపొయటిన్ సంగతి వేరు. 165 అమైనో ఆమ్లాల గొలుసుకు నాలుగు చోట్ల చక్కెర కొమ్మలు వేలాడుతుంటాయి. అణువు బరువులో దాదాపు 40 శాతం ఆ చక్కెరలదే. మామూలు ఈ-కోలైకి ఈ చక్కెరలు అతికించడం రాదు. చక్కెరలు లేని ఎరిత్రోపొయటిన్ గ్రాహకాన్ని పట్టుకోగలదు కానీ, ఒంట్లోకి ఎక్కిస్తే ఎక్కువసేపు నిలవదు. అందుకే దీన్ని క్షీరదాల కణాల్లోనే చేస్తారు. ఎక్కువగా వాడేది చైనా హ్యామ్‌స్టర్ అనే చిట్టెలుక అండాశయం నుంచి తీసి, 1957 నుంచి ప్రయోగశాలల్లో పెంచుతూ వస్తున్న కణాలను.

1987లో సియాటిల్ వైద్యుడు జోసెఫ్ ఎష్‌బాక్, సహచరులు డయాలసిస్ రోగుల మీద జరిపిన పరీక్షల ఫలితాలు ప్రచురించారు. కిడ్నీలు పాడైతే ఎరిత్రోపొయటిన్ తగ్గుతుంది. మజ్జ బాగానే ఉన్నా సిగ్నల్ పడదు. బయటి నుంచి సిగ్నల్ ఇవ్వగానే రోగుల్లో ఎర్రకణాలు పెరిగాయి, రక్తం ఎక్కించే అవసరం తగ్గిపోయింది. 1989లో అమెరికా ఔషధ సంస్థ దీనికి అనుమతి ఇచ్చింది. ఇప్పుడు మన దేశ కంపెనీలూ దీన్ని తయారుచేస్తున్నాయి. మా అక్క మామగారికి వేసే సూది అదే.

బండిలోనే లోపం ఉంటే

ఇక పిల్లవాడి సంగతి. సికిల్ సెల్ జబ్బులో కిడ్నీ కబురు పంపుతూనే ఉంటుంది. మజ్జ వింటూనే ఉంటుంది. లోపం హిమోగ్లోబిన్‌లో ఉంది. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ ఉంటుంది. జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల వచ్చిన తేడా ఇది. ఆక్సిజన్‌ను వదిలేసిన తర్వాత ఇలాంటి హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి కడ్డీలవుతాయి. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణం కొడవలిలా వంగిపోతుంది. సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఎముకలు, కీళ్లు, కడుపు భరించలేని నొప్పి పెడతాయి. 120 రోజులు ఉండాల్సిన కణం 10 నుంచి 20 రోజుల్లోనే పోతుంది. రక్తహీనత అందుకే.

అంటే ఇక్కడ కణాలు పుట్టడం తక్కువై కాదు, తొందరగా చనిపోవడం వల్ల రక్తం తగ్గుతోంది. చాలామంది రోగుల్లో ఎరిత్రోపొయటిన్ ఇప్పటికే మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది. మజ్జ శక్తికి మించి పనిచేస్తుంటుంది. ఇంకా సిగ్నల్ ఇస్తే వచ్చేవి అదే లోపమున్న కణాలు. వాటి సంఖ్య పెరిగి రక్తం చిక్కబడితే నాళాలు మూసుకుపోయే ప్రమాదం కూడా పెరగవచ్చు. సికిల్ సెల్‌తో పాటు కిడ్నీలు కూడా దెబ్బతిన్న కొందరికి డాక్టర్లు ఆచితూచి ఈ మందు ఇస్తారు. మిగతావారికి ఇది చికిత్స కాదు. డాక్టరుగారు 'వాడికి అది కాదు' అన్నది అందుకే.

గిన్నెలో పెరిగే రక్తం

అయితే ఈ పిల్లవాడి జబ్బుకు మందు వెతికే ప్రయోగశాలల్లో ఎరిత్రోపొయటిన్ లేకుండా పని సాగదు.

సికిల్ జబ్బుకు కొత్త మందో, జన్యు చికిత్సో పనిచేస్తుందా అని చూడాలంటే దాన్ని నేరుగా పిల్లలమీద ప్రయోగించలేం. రోగి అనుమతితో కొద్దిగా రక్తం తీసుకుంటారు. అందులో అరుదుగా ఉండే మూలకణాలను వేరుచేస్తారు. పోషక ద్రవంలో వేసి, శరీరంలో అందే సంకేతాలను బయటి నుంచి అందిస్తారు. మొదట మూలకణ కారకం, ఇంటర్‌ల్యూకిన్-3 వంటి ప్రొటీన్లు కణాలను విభజించమంటాయి. వాటితోపాటు ఎరిత్రోపొయటిన్ ఆ కణాలను ఎర్రకణాల దారిలో బతికిస్తుంది. ఇవన్నీ రీకాంబినెంట్ ప్రొటీన్లే. రెండు మూడు వారాల్లో గిన్నెలోని ద్రవం ఎర్రబడుతుంది. ఆ తర్వాత ఆక్సిజన్ తగ్గించి, మందు వేసిన గిన్నెలో ఎన్ని కణాలు వంగాయి, వేయని దానిలో ఎన్ని వంగాయి అని లెక్కపెడతారు.

ఈ పద్ధతి ఎంత దూరం వెళ్లిందంటే, ఇలా పెంచిన ఎర్రకణాలను 2011లో పారిస్ శాస్త్రవేత్తలు ఒక మనిషికి తిరిగి ఎక్కించి చూశారు. 2022లో బ్రిటన్‌లో ఒక దాత మూలకణాల నుంచి పెంచిన కణాలను మరొకరికి ఎక్కించే పరీక్ష మొదలైంది. ఎక్కించింది చెంచా రెండు చెంచాలంత మాత్రమే. తరచూ రక్తం అవసరమయ్యే సికిల్, తలసీమియా రోగులకు ఎప్పటికైనా ఇది పనికొస్తుందన్నది ఆశ.

ఇలాంటి పనిలో సంకేత ప్రొటీన్ నాణ్యత మీద అంతా ఆధారపడి ఉంటుంది. పరిశోధనకు అమ్మే ఎరిత్రోపొయటిన్ పొడిగా, మైక్రోగ్రాముల లెక్కన చిన్న సీసాల్లో వస్తుంది. దాని బరువు తెలిస్తే చాలదు. అది పనిచేస్తుందో లేదో తెలియాలి. దానికోసం, ఇలాంటి సంకేతం లేకపోతే బతకని ఒక రకం కణాలకు రకరకాల మోతాదుల్లో దాన్ని ఇస్తారు. గరిష్ఠ ఎదుగుదలలో సగం ఎంత మోతాదు దగ్గర వస్తుందో గుర్తిస్తారు. మోతాదు ఎంత తక్కువైతే ప్రొటీన్ అంత చురుకైనది. అందుకే దీన్ని మిల్లీగ్రాముల్లో కాక 'యూనిట్ల'లో కొలుస్తారు. గిన్నెలో మిల్లీలీటరుకు రెండు మూడు యూనిట్లు వేయడం మామూలు. అది రక్తంలో సహజంగా ఉండేదానికి వంద రెట్లకు పైనే.

ప్రొటీన్ మడత చెడితే బరువు మారదు, పని పోతుంది. వేడి తగిలినా, మాటిమాటికీ గడ్డకట్టించి కరిగించినా అది చెడిపోవచ్చు. మరీ పలచగా కలిపితే సీసా గోడలకే అంటుకుపోతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే బిలాస్‌పూర్ లాంటి ఊళ్లకు ఇలాంటి సీసాను మంచుపెట్టెలో చల్లదనం తగ్గకుండా తేవడమే ఒక పని. సంకేతం చెడిపోయి గిన్నెలో కణాలు చనిపోతే, పరిశోధకులు తప్పు జన్యు చికిత్సదే అనుకునే ప్రమాదం ఉంది. అందుకే ప్రతి ప్రయోగంలో చికిత్స చేయని కణాలను కూడా పక్కన అదే సంకేతంతో పెంచుతారు. అవీ చనిపోతే అనుమానం సీసా మీదికి వెళ్తుంది.

ఆకుపచ్చ ఎప్పుడు పడుతుంది?

గిన్నెల్లో ఇలా పెంచిన కణాలు నేర్పిన ముఖ్యమైన పాఠం ఒకటుంది. కడుపులో ఉన్నప్పుడు మనలో వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టాక కొన్ని నెలల్లో అది తగ్గిపోతుంది. దాన్ని తిరిగి పెంచగలిగితే కణాలు వంగడం తగ్గుతుంది. ఇప్పుడు చాలామంది సికిల్ రోగులకు ఇచ్చే హైడ్రాక్సీయూరియా మాత్ర చేసే ముఖ్యమైన పని ఇదే. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన క్యాస్‌జెవీ అనే జన్యు చికిత్స కూడా రోగి మూలకణాల్లో ఒక చోట కత్తిరించి ఈ హిమోగ్లోబిన్‌నే పెంచుతుంది. కానీ అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. మన దేశంలో సీఎస్‌ఐఆర్‌కు చెందిన ఐజీఐబీ శాస్త్రవేత్తలు సికిల్ సెల్ కోసం రూపొందించిన 'బిర్సా 101' అనే క్రిస్పర్ చికిత్సను 2025 నవంబరులో ప్రకటించారు. తక్కువ ఖర్చులో అందించాలన్నది లక్ష్యం. అది మామూలు ఆసుపత్రులకు రావాలంటే క్లినికల్ పరీక్షలు పూర్తి కావాలి.

బిలాస్‌పూర్‌కు ఇది దూరపు వార్త కాదు. ఛత్తీస్‌గఢ్‌లో ఈ జబ్బు గిరిజనుల్లోనే కాదు, ఇతర కులాల్లోనూ ఉంది. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్లే లైన్లో వచ్చే షహడోల్‌లోనే 2023 జులై 1న జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. 17 రాష్ట్రాల్లో 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది దాని సంకల్పం. మన అరకు, పాడేరు ఏజెన్సీ ప్రాంతాల్లోనూ, ఆదిలాబాద్ వైపు కూడా ఈ జబ్బు ఉంది.

అక్కకు నేను చెప్పింది ఇంతే. మామగారికి సిగ్నల్ తెగింది, సూది ఆ సిగ్నల్ ఇస్తోంది. పిల్లవాడికి సిగ్నల్ బాగానే ఉంది, బండిలో లోపం. డాక్టరు రాసిన మాత్రలు మానకుండా వేయాలి. ఒంట్లో నీరు తగ్గనివ్వకూడదు. టీకాలన్నీ వేయించాలి. జ్వరం వస్తే, ఊపిరి అందకపోతే, ఛాతీలో నొప్పి వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. తల్లిదండ్రులిద్దరిలోనూ ఈ లోపం ఒక్కొక్క జన్యువులో ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. కాబట్టి ఇంట్లో మిగతా పిల్లలకూ, పెళ్లి కావాల్సినవారికీ రక్తపరీక్ష చేయించాలి.

ఆమె కాసేపు ఆలోచించి, "అయితే మా మరిదికి సంబంధాలు చూస్తున్నాం. వాడికి ముందు పరీక్ష చేయిస్తాం" అన్నారు.